తొలకరి వాసనతో ఒక శిల్పం చేయడం ఎలా?

శిల్పకళ చదివే విద్యార్థులకు రెండో ఏడాదిలోనో మూడో ఏడాదిలోనో ‘ఇంద్రియాలు’ అనో ‘అనుభూతి’ అనో ఒక అంశం ఇచ్చి, దానిమీద మిశ్రమ మాధ్యమంలో, అంటే రకరకాల పదార్థాలు కలిపి, ఒక పని చేసుకురమ్మని అడగడం మామూలే. అప్పుడు చాలామంది చేసేదేమిటంటే, వినికిడికి పెద్ద చెవిని, వాసనకు పెద్ద ముక్కును, స్పర్శకు చాచిన అరచేతిని ఫైబర్‌ గ్లాసులో పోతపోసి రంగు వేసి నిలబెట్టడం. అది ఇంద్రియం బొమ్మ అవుతుంది తప్ప ఇంద్రియానికి అందే పని కాదు. చూసేవారి కంటికి ముక్కు కనిపిస్తుంది, వారి ముక్కుకు మాత్రం ఏమీ అందదు. అందువల్ల ఈ వ్యాసంలో వాసననే ప్రధానంగా తీసుకుని, ఒకే ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో వివరిస్తాను. ఎండిన నేలమీద తొలకరి చినుకు పడినప్పుడు లేచే వాసన ఈ పనికి మూలం. కింద నెర్రెలు విచ్చిన చెరువు అడుగు, దానిపైన ఆవు పొదుగు ఆకారంలో వేలాడే ఒక రూపం, ఆ పొదుగు నాలుగు చన్నుల నుంచి బొట్టుబొట్టుగా రాలే నీరు, ఇవే దీనిలోని భాగాలు. మీ అంశం వేరైనా, పని సాగే క్రమంలో చాలా భాగం ఇలాగే ఉంటుంది.

విషయాన్ని ఒక్క వాక్యంగా మార్చండి

‘వాన’ అన్నది విషయం మాత్రమే, ఆలోచన కాదు. స్కెచ్‌బుక్కులో బొమ్మ గీయడానికి ముందే, మీరు చెప్పదలచుకున్నది క్రియతో కూడిన ఒక పూర్తి వాక్యంగా రాయండి. ఈ పనికి నేను రాసుకున్న వాక్యం ఇది: ‘ఎండిన నేల దూడలా ఎదురుచూస్తుంది, ఆకాశం చేపుతుంది.’ పశువులున్న ఇంట్లో పెరిగిన వారికి చేపడం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. దూడ మూతి తగలగానే పొదుగులోకి పాలు దిగడాన్నే చేపడం అంటారు. ఈ ఒక్క క్రియాపదం దొరికిన తరువాత పైన మేఘం బొమ్మ పెట్టాలా, గొడుగు పెట్టాలా అన్న మీమాంస తీరిపోయింది, పొదుగు తనంతట తానే వచ్చింది. మీ వాక్యంలో క్రియ బలహీనంగా ఉంటే, ఎన్ని వస్తువులు తెచ్చి అతికించినా పని నిలబడదు.

తరువాత ఏ ఇంద్రియం ముందు నడవాలో, ఏవి వెనక ఉండాలో తేల్చుకోండి. ఈ పనిలో వాసన ముందు నడుస్తుంది, బొట్టు చప్పుడు దానికి తోడు వస్తుంది, చూపు వారిని దగ్గరకు రప్పించడం వరకే పనికొస్తుంది. అన్నిటికీ సమానంగా చోటిస్తే తిరునాళ్ల సందడి అవుతుంది. కంటితో చూపించి వేరొక ఇంద్రియాన్ని కదిలించే దారి కూడా ఉందని గుర్తుంచుకోండి: మెరెట్ ఓపెన్‌హైమ్ అనే కళాకారిణి 1936లో ఒక టీ కప్పుకు, సాసరుకు, చెంచాకు బొచ్చు తొడిగి చేసిన పనిని ఎవరూ తాకనక్కరలేదు, చూడగానే పెదవులమీద వెంట్రుకలు తగిలినట్టు ఒళ్లు జలదరిస్తుంది.

మీరు స్పర్శను ఎంచుకుంటే, వేలి కొసలు రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉన్న రెండు మొనలను విడివిడిగా గుర్తించగలవని, వీపుకు అదే పని చేయడానికి దాదాపు నాలుగు సెంటీమీటర్ల ఎడం కావాలని తెలుసుకుని, వేళ్లకు సన్నని గరుకును, అరచేతికి పెద్ద ఒంపులను కేటాయించండి. ఒకే గదిలో ఉన్న ఇత్తడి, కర్ర ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా, ఇత్తడి చేతి వేడిని త్వరగా లాక్కుంటుంది కాబట్టి చల్లగా తోస్తుంది; ఈ ఒక్క సంగతిమీదే ఒక మంచి పని చేయవచ్చు. అది వేరే వ్యాసానికి తగిన విషయం కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

వాసన ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోండి

పదార్థం గురించి చదవకుండా పని మొదలుపెడితే వారం రోజుల శ్రమ వృథా అవుతుంది. తొలకరి వాసనలో ప్రధానమైన జియోస్మిన్ అనే పదార్థాన్ని మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు తయారు చేస్తాయి. లక్ష కోట్ల భాగాల్లో కొద్ది భాగాలు ఉన్నా మనిషి ముక్కు దానిని పట్టేస్తుంది. ఎండకాలంలో రాళ్లు, మట్టి పీల్చుకున్న నూనెలు కూడా తడి తగలగానే బయటపడతాయి; ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు శాస్త్రవేత్తలు 1964లో ఈ వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అత్తరు చేసేవారు అంతకు ఎంతో ముందు నుంచే, కాల్చిన మట్టి ముక్కలను రాగి పాత్రల్లో వేసి బట్టీ పెట్టి, ఆ ఆవిరిని చందనపు నూనెలోకి దింపి మట్టి అత్తరు తీస్తున్నారు. మీకు పనికొచ్చే ఇంకొక విషయం 2015లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు వేగవంతమైన కెమెరాలతో చూపించారు: నీటి బొట్టు సన్న రంధ్రాలున్న నేలను తాకినప్పుడు దాని అడుగున గాలి బుడగలు చిక్కుకుని, అవి పైకి తేలి పగిలినప్పుడు సన్నని తుంపర లేచి వాసనను మోసుకుపోతుంది. జోరు వానలో కంటే చిరుజల్లులో ఇది ఎక్కువగా జరుగుతుంది. అంటే చెంబుతో నీరు గుమ్మరించకూడదు, బొట్లుగా రాల్చాలి. మన శిల్పం ఆకారాన్ని సగం వరకు నిర్ణయించేది ఈ విషయమే.

సీసాలో దొరికే అత్తరును మట్టిమీద చల్లితే సరిపోదా అని నన్ను ఒకరిద్దరు విద్యార్థులు అడిగారు. సరిపోదు. అలా చేస్తే చూసేవారి ఎదుట ఏమీ జరగదు, జరిగినట్టు నటించడమే అవుతుంది.

చెరువు అడుగును తయారు చేయడం

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో 90 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల అంచు ఉన్న ఒక తట్టను చేయించుకోండి. దానిలో పోయడానికి నల్లరేగడి మట్టి కావాలి. ఎర్రమట్టి ఇంత బాగా నెర్రెలివ్వదు. నల్లరేగడి తడిస్తే బాగా ఉబ్బి, ఆరితే బాగా ముడుచుకునే రకం కావడం వల్లనే ఎండకాలంలో పొలాల్లో కాలు దిగేంత బీటలు కనిపిస్తాయి. మట్టిని మూడు రోజులు నీళ్లలో నానబెట్టి, గడ్డలు విరిచి, దోమల జాలీలో వడగట్టి, పెరుగంత చిక్కగా అయ్యేవరకు నీరు వార్చండి. గడ్డిగానీ ఊకగానీ కలపకండి, అవి మట్టిని పట్టి ఉంచి బీటలను ఆపేస్తాయి. తట్టలో రెండు సెంటీమీటర్ల మందాన పోస్తే సుమారు 11 లీటర్లు, అంటే దాదాపు 18 కిలోల బురద పడుతుంది. ఇద్దరు పట్టుకుంటేనే కదులుతుంది కాబట్టి, ఎండే చోటు నుంచి ప్రదర్శించే గదికి దారిలో మెట్లెన్ని ఉన్నాయో ముందే లెక్కపెట్టుకోండి.

బీటలు వాటంతట అవి వచ్చేవే అయినా, వాటి స్వభావం మీ చేతిలోనే ఉంటుంది. తట్ట అడుగు గరుకుగా ఉండి మట్టిని పట్టుకుంటే బీటలు చిన్నవిగా, ఎక్కువగా వస్తాయి. అడుగున పాలిథిన్ కాగితం పరిస్తే మట్టి జారుతూ ముడుచుకుని, తక్కువ సంఖ్యలో పెద్ద పలకలుగా విడిపోతుంది. పొర మందమయ్యే కొద్దీ పలకలు పెద్దవవుతాయి. పలుచని పొర ఎండలో త్వరగా ఆరితే పైభాగం ముందు ముడుచుకుని, అంచులు అప్పడంలా పైకి లేస్తాయి. నేను తట్టలో మూడింట రెండు వంతులకు పాలిథిన్ పరిచి, మిగిలిన భాగాన్ని గరుకుగా వదిలేస్తాను. అసలు పనికి ముందు, ఒక అడుగు పొడవున్న రేకు తట్టల్లో మూడు నాలుగు రకాలుగా పోసి చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఇది నాలుగైదు రోజుల్లో తేలిపోతుంది, జూలైలో పెట్టుకుంటే బూజు తప్ప బీటలు రావు.

బొట్లు పడే నాలుగు చోట్ల కాల్చిన మట్టి బిళ్లలు పెట్టాలి. నీరు నేరుగా పచ్చి రేగడిమీద పడితే, అది కొద్దిసేపట్లోనే జావగా మారి మీరు ఎండబెట్టిన రూపం కరిగిపోతుంది. కుమ్మరి వాడే ఎర్రమట్టిలో పెంకుల పొడిని ఐదో వంతు కలిపి, 12 సెంటీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర సెంటీమీటర్ల మందం ఉన్న బిళ్లలను డజను చేసుకోండి. చేతి వేలిముద్రలు అలాగే ఉండనివ్వండి. వాటిని నీడలో పది రోజులు ఆరనిచ్చి, దగ్గరలోని కుమ్మరి ఆవంలో కుండలతో పాటు కాల్చి ఇమ్మని అడగండి. తేమ మిగిలిన బిళ్ల ఆవంలో పెట్టిన గంటలోనే ఆవిరి ఒత్తిడికి పగులుతుంది, పక్కనున్న కుండలు కూడా దెబ్బతింటాయి, ఆ నష్టం మీరే భరించవలసి వస్తుంది. కళాశాలలోని ఎలక్ట్రిక్ కిల్న్‌లో ఎక్కువ వేడికి కాల్చితే బిళ్లలోని సన్న రంధ్రాలు మూసుకుపోయి అది నీరు పీల్చదు, కాబట్టి తక్కువ వేడిలో కాలిన మెత్తని బిళ్లే మనకు కావాలి. బిళ్ల నీరు పీలుస్తుందో లేదో తెలుసుకోవడానికి నాలుక కొసను తగిలించి చూడండి. నాలుకకు అంటుకుంటే బాగా పీల్చే బిళ్ల అని అర్థం.

పొదుగు కట్టడం

పొదుగు 50 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 30 లోతు ఉంటే చాలు. ఇంతకంటే పెద్దదైతే అది బెదిరిస్తుంది, చిన్నదైతే బొమ్మలా కనిపిస్తుంది. ఆరు మిల్లీమీటర్ల ఇనుప చువ్వను వలయంగా వంచి వెల్డింగ్ చేయించి, దానికి జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) తీగలతో పక్కటెముకల్లా కట్టు కట్టి, పైన కోళ్ల జాలీ చుట్టి బైండింగ్ వైరుతో బిగించండి. చువ్వకు తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూయడం మరచిపోవద్దు. నా మొదటి పనిలో అది అనవసరమని వదిలేశాను. ముసురు పట్టిన వారంలో తెల్లటి పైపూత మీదకు తుప్పు మరకలు ఎగబాకి, పనిని పరీక్షించే జ్యూరీ వచ్చిన రోజున అవి ఉద్దేశపూర్వకంగా వేసినవేనని అబద్ధం చెప్పవలసి వచ్చింది.

జాలీ మీద కాగితం అంటించడానికి చింతగింజల జిగురు వాడండి. చేర్యాల బొమ్మలు, మాస్కులు చేసేవారు రంపపు పొట్టును ఇదే జిగురులో కలిపి వాడతారు, కొండపల్లిలో బొమ్మల అవయవాలు అతికించే మక్కు కూడా చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపినదే. పావు కిలో గింజలను పొట్టు చిట్లేవరకు వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బి, రెండున్నర లీటర్ల నీటిలో సన్న మంటమీద కలియబెడుతూ అంబలిలా అయ్యేదాకా ఉడికించండి. వేసవిలో రెండు రోజులకే పులుస్తుంది కాబట్టి ఏ రోజు జిగురు ఆ రోజు కాచుకోవడం మంచిది. నిల్వ ఉండటానికి కొందరు లవంగ నూనె చుక్కలు వేస్తారు, కొందరు మైలుతుత్తం కలుపుతారు. ఇక్కడ రెండూ కుదరవు: మైలుతుత్తం విషం, లవంగ నూనె మట్టి వాసనను మింగేస్తుంది.

ఈ నియమం అన్ని పదార్థాలకూ వర్తిస్తుంది, దీన్ని విద్యార్థులు చాలాసార్లు పట్టించుకోరు. వాసనే ప్రధానమైన పనిలోకి వచ్చే ప్రతి వస్తువునూ ముందుగా ముక్కు దగ్గర పెట్టుకుని చూడాలి. పొదుగుకు జనపనార తాడు చుడదామని నేను మొదట అనుకున్నాను. మృణాళినీ ముఖర్జీ జనుముతో ముడులు వేసి కట్టిన భారీ శిల్పాలను చూసిన ఎవరికైనా ఆ కోరిక కలుగుతుంది. కానీ బజారులో దొరికే జనపనారను వడికేటప్పుడు నూనె కలుపుతారు, తడి తగిలితే అది కిరసనాయిలును గుర్తు చేసే వాసన వేస్తుంది. కాబట్టి నూలు తాడుతో సరిపెట్టుకున్నాను. ఎనామిల్ రంగు, థిన్నర్, కొత్త ప్లైవుడ్ జిగురు వాసన, ఇవన్నీ పదిహేను రోజుల పాటు గదిని వదలవు. అందుకే తట్టను నెల ముందే చేయించి ఎండలో పడేయండి.

న్యూస్ పేపరును ముక్కలుగా చింపి, ఒక్కొక్క పొర పూర్తిగా ఆరిన తరువాతే మరొకటి వేస్తూ ఐదు పొరలు అంటించండి. ఆపైన జల్లించిన రంపపు పొట్టును జిగురుతో చపాతీ పిండిలా కలిపి, అర సెంటీమీటరు మందాన మెత్తి, చన్నులను ఈ ముద్దతోనే తీర్చండి. ఆవు చన్నులు నాలుగూ ఒకే తీరుగా ఉండవు, ముందువి వెనకవాటికంటే కాస్త పొడవుగా ఉంటాయి. పాలు పితికే ఇంటికి వెళ్లి అరగంట కూర్చుని స్కెచ్ వేసుకోండి, ఫోటో చూసి చేసిన పొదుగు బెలూనులా వస్తుంది. ఒక్కొక్క చన్నులో పెన్సిలంత పుల్లను గుచ్చి ఉంచి, ముద్ద సగం ఆరాక లాగేస్తే గొట్టం పోవడానికి దారి ఏర్పడుతుంది. వెనక వైపు చేయి పట్టేంత కిటికీ వదలండి. పూర్తిగా ఆరిన తరువాత ముక్కుకు మాస్కు కట్టుకుని సాండ్ పేపరు పట్టించి, తెల్లసుద్దను జిగురులో కలిపి పలుచగా పూసి, చివరగా లక్క పాలిష్ రెండు పూతలు వేయండి. లక్క పాలిష్‌లోని స్పిరిట్ వాసన రెండు మూడు రోజుల్లో పోతుంది, పూత తడి చేతులకు కూడా కొంత ఓర్చుకుంటుంది. ‘తాకరాదు’ అని బోర్డు పెట్టినా పొదుగును పట్టి చూడనివారు ఉండరు.

నీటిని బొట్లుగా రాల్చడం

దీనికి పంపులు, టైమర్లు, సర్క్యూట్లు కొని తలనొప్పి తెచ్చుకోవద్దు. మందుల షాపులో దొరికే సెలైన్ సెట్లు నాలుగు, అరలీటరు ఖాళీ సీసాలు నాలుగు చాలు. మామూలు సెలైన్ సెట్టులో 20 బొట్లు కలిస్తే ఒక మిల్లీలీటరు అవుతుంది (కొన్నిటిలో 15, కవరుమీద రాసి ఉంటుంది). గొట్టానికున్న చక్రాన్ని తిప్పి నిమిషానికి పది బొట్లు రాలేలా సర్దితే, ఒక్కొక్క చన్ను నుంచి నిమిషానికి అర మిల్లీలీటరు నీరు పడుతుంది. సీసాలను పొదుగు లోపలే తలకిందులుగా కట్టి, గొట్టం కొసను చన్ను నుంచి ఒక సెంటీమీటరు బయటకు వదలండి, అప్పుడు నీరు రంపపు పొట్టును తడపదు.

చన్నుల కొసలు బిళ్లలకు ఒక మీటరు ఎత్తున ఉండాలి. ఆ ఎత్తు నుంచి రాలిన బొట్టు సెకనుకు నాలుగు మీటర్లకు కాస్త ఎక్కువ వేగంతో తాకుతుంది. చెవికి ‘టప్’ మని వినిపించడానికి, తుంపర లేవడానికి అది సరిపోతుంది. పొదుగును వేలాడదీసే కొక్కేనికి ముందు దాని బరువుకు మూడింతల ఇసుక బస్తాను ఒక రాత్రంతా వేలాడదీసి చూడండి. ఫాల్స్ సీలింగ్‌కు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టవద్దు.

ముక్కు ఏ వాసనకైనా కొద్ది నిమిషాల్లో అలవాటు పడిపోతుంది కాబట్టి, రోజంతా బొట్లు రాలుస్తూ ఉంటే అరగంట తరువాత గదిలో ఉన్నవారికి ఏమీ తెలియదు, బిళ్లలు కూడా నీటితో నిండి వాసన ఇవ్వడం మానేస్తాయి. ఐదు నిమిషాలు రాల్చి, ఇరవై నిమిషాలు ఆపండి. ఎనిమిది గంటల ప్రదర్శనలో ఇలా సుమారు 19 విడతలు వస్తాయి, నాలుగు చన్నులకూ కలిపి ఖర్చయ్యే నీరు ఒక గ్లాసుకు మించదు. మధ్యాహ్నం తడిసిన నాలుగు బిళ్లలను తీసి ఎండలో పెట్టి, పొడివి నాలుగు మార్చండి. డజను బిళ్లలు చేయమన్నది ఇందుకే. చక్రం తిప్పే పని మీరే చేయండి. కిటికీలోకి చేయి పెట్టి మీరు నీటిని వదిలే ఆ క్షణాన్ని దాచవలసిన అవసరం లేదు, నా వాక్యంలోని ‘చేపడం’ అక్కడే కనిపిస్తుంది.

గది, పరీక్ష, పేరు పలక

పెద్ద హాలులో ఒక మూల ఇస్తామంటే ఒప్పుకోకండి. తలుపు వేయగలిగిన పది అడుగుల చిన్న గది, స్టోరు రూమైనా సరే, అడిగి తీసుకోండి. ఫ్యాను ఆపండి, అగరుబత్తి వెలిగించనివ్వకండి, నేలను ఫినాయిల్‌తో కాక ఉత్త నీటితో తుడవండి. దీపం ఒక్కటే, పక్క నుంచి, బీటల నీడలు పొడవుగా పడేలా పెట్టి, దాని వైరును నేలమీద కాకుండా గోడ వెంబడి పైనుంచి తీసుకురండి.

జ్యూరీకి వారం ముందు, ఈ పని గురించి ఏమీ తెలియని ఐదారుగురిని ఒక్కొక్కరుగా కళ్లకు గంతలు కట్టి లోపలికి తీసుకొచ్చి, బొట్లు వదిలి, ఏం గుర్తుకొచ్చిందో అడిగి వారి మాటల్లోనే రాసుకోండి. నా దగ్గర ఒకరు కొత్త కుండలో నీళ్లు అన్నారు, ఒకరు అమ్మమ్మ అలికిన అరుగు అన్నారు, ఒకరు పాత బావి అన్నారు. వాన అన్నవారు ఇద్దరే. మొదట నిరాశపడ్డాను, కానీ కుండ, అరుగు, బావి మూడూ వాననీటికి చుట్టాలేనని తరువాత తోచింది, అందువల్ల ఏమీ మార్చలేదు. ‘సిమెంటు’ అనో ‘పెయింటు’ అనో ఎవరైనా అంటే మాత్రం ఆ వాసన వేసే వస్తువును వెతికి తీసేయవలసిందే.

పేరు పలకమీద పేరు, సంవత్సరం, పదార్థాలు రాస్తే సరిపోతుంది: నల్లరేగడి, కాల్చిన మట్టి, కాగితం, రంపపు పొట్టు, చింతగింజల జిగురు, నూలు, లక్క, నీరు. ప్రకృతి, పర్యావరణం, మానవ సంబంధాలు అంటూ అరపేజీ రాస్తే, చూసేవారు దానిని చదువుతుండగానే ఐదు నిమిషాల వాన ఆగిపోతుంది. జ్యూరీలో ఎవరైనా ‘ఇందులో శిల్పం ఎక్కడుంది’ అని అడిగితే (అడుగుతారు), శిల్పి రాంకింకర్ బైజ్ 1938లో శాంతినికేతన్‌లో ఒక సంతాల్ గిరిజన కుటుంబాన్ని కంచులో కాక సిమెంటు, ఎర్ర గులకరాళ్ల మిశ్రమంతో నిలబెట్టిన సంగతిని గుర్తు చేయవచ్చు. అక్కడి నేల రంగే ఆ మనుషుల ఒంటి రంగయింది. అంతకంటే మేలైన జవాబు, మాట్లాడకుండా చక్రం తిప్పడం.

వాసనను ఫోటో పట్టుకోలేదు. అందుచేత మీ పోర్ట్‌ఫోలియోకు గంటకొకసారి ఒకే కోణం నుంచి తీసిన తట్ట ఫోటోలు, బొట్టు చప్పుడు రికార్డింగు, మీరు రాసుకున్న చూపరుల మాటలు, ఈ మూడింటినీ కలిపి పెట్టండి. బిళ్లల నుంచి జారిన తడి పాకి, రేగడి బీటలు మూడో రోజుకు కొంత పూడుకుపోయి ఉండటం ఆ ఫోటోల్లో తెలుస్తుంది, అది మీరు చేయని పని, మట్టి చేసినది.

ప్రదర్శన ముగిశాక గొట్టాలలోని నీటిని పూర్తిగా తీసేసి, పొదుగును పాత దుప్పటిలో చుట్టి గాలి తగిలే చోట వేలాడదీయండి, అట్టపెట్టెలో మూసిపెడితే చెదలు పడతాయి. బిళ్లలను ఎండబెట్టి న్యూస్ పేపరులో విడివిడిగా చుట్టండి. రేగడిని తట్టలోంచి గీకి బకెట్లో నానబెట్టండి. జాలీలో మళ్లీ వడగడితే వచ్చే సెమిస్టరుకు అదే మట్టి పనికొస్తుంది.